రిపోర్ట్ కొట్టేముందు ఒక మాట

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పంట గురించి మనం ఒకరినొకరం అడుక్కునే ప్రశ్నల గురించి. కొంచెం పెద్దదే. మోటారు వేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

నేనొక రైతుల ప్రశ్నలు-జవాబుల గ్రూపుకి ముగ్గురు అడ్మిన్లలో ఒకణ్ణని ఇక్కడ చాలామందికి తెలుసు. పది రోజులుగా ఇన్‌బాక్స్ నిండా ఒకటే గోల. ఫలానా జవాబు ఎందుకు తీసేశారని సగం మంది, ఫలానాది ఇంకా ఎందుకు తియ్యలేదని సగం మంది. "రిపోర్ట్ కొట్టి రెండు రోజులైంది, నిద్రపోతున్నారా" అని కూడా పెట్టారు ఒకరు. నిద్రపోవట్లేదండీ, మిరప నారు పోస్తున్నాం. అందరికీ విడివిడిగా రాసే ఓపిక లేదు, అందుకే ఇక్కడ ఒకేసారి రాస్తున్నా.

ముందు జరిగింది చెప్తాను. ఒకామె కౌలుకి తీసుకున్న 40 సెంట్లలో వంగ వేసింది. కాయ తొలిచే పురుగు ఆగట్లేదు, మూడు రోజులకోసారి కోత, ఏం కొట్టాలి అని ప్రశ్న పెట్టింది. అరగంటలో జవాబు వచ్చింది. ఇచ్చింది మేమంతా బాబాయ్ అని పిలుచుకునే పెద్దాయన. మోనోక్రోటోఫాస్, లీటరుకి 2 మిల్లీ, సాయంత్రం పూట కొట్టమ్మా అని. ఏళ్ళ తరబడి పత్తిలో ఆయన చేత్తో కొట్టిన మందు అది. ఆయన లెక్కలో అది అనుభవం. కానీ కూరగాయల మీద మోనో వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. అందులోనూ మూడు రోజులకోసారి కోసి సంతకి పంపే పంట.

జవాబు కింద నలుగురైదుగురు "బాబాయ్, ఇది కూరగాయలకి నిషేధం" అని మర్యాదగానే రాశారు. ఇంకో పద్నాలుగు మంది ఏమీ రాయలేదు, రిపోర్ట్ కొట్టి ఊరుకున్నారు. మా ముగ్గురిలో ఒకాయన అది చూసి జవాబు మొత్తం తీసేశాడు. జవాబు పోతే దాని కింద ఉన్న హెచ్చరికలు కూడా దాంతోపాటే పోయాయి.

నాలుగో రోజు ఆమె కొత్త ప్రశ్న పెట్టింది. "మోనో కొట్టాను, కోత ఎన్ని రోజులు ఆపాలి?"

మొదటి జవాబు రాగానే చూసుకుని, కాగితం మీద రాసుకుని, ఫోన్ పక్కనపెట్టి పనికి పోయిందట. మళ్ళీ వచ్చి చూసేసరికి అక్కడ జవాబు లేదు, అది తప్పు అన్న మాటా లేదు. రాసుకున్న కాగితం మాత్రం ఉంది. నేను ఫోన్ చేసి మాట్లాడాను. అప్పటికే కోసి పెట్టిన రెండు మూటల కాయలు సంతకి పంపకుండా పారబోసింది. కౌలు, కోత కూలి, మందు ఖర్చు అన్నీ ఆమెవే. పద్నాలుగు మంది రిపోర్ట్ కొట్టారు గదా, అందులో ఒక్కరైనా ఆమె ప్రశ్న కింద నేరుగా "అమ్మా, అది కొట్టొద్దు" అని విడిగా రాయలేదు. రిపోర్ట్ కొడితే మన పని అయిపోయిందనిపిస్తుంది. అదే ఆ బటన్‌లో ఉన్న తిరకాసు.

మా మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాళ్ళకి స్టాక్ ఓవర్‌ఫ్లో అని ఒక ప్రశ్నల చావడి ఉంది. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అని ఇద్దరు మొదలుపెట్టారు. ప్రపంచంలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఎక్కడ చిక్కుపడినా అక్కడికి పోయి అడుగుతారట. వాడు అందులో పదేళ్ళ నుంచి ఉన్నాడు. జరిగింది చెప్తే నవ్వి, "మామయ్యా, ఈ తగువు మా దగ్గర ఎప్పటినుంచో ఉంది" అన్నాడు.

వాళ్ళ పద్ధతి వినదగ్గదే. మంచి జవాబిస్తే జనం ఓటు వేస్తారు, ఓటుకి 10 పాయింట్లు. 15 పాయింట్లు రాగానే జెండా ఎత్తే హక్కు వస్తుంది, అంటే మన రిపోర్ట్ లాంటిది. జవాబు బాగాలేదని కిందికి ఓటు వెయ్యాలంటే మాత్రం 125 పాయింట్లు కావాలి. ఆ ఓటు పడితే రాసినవాడికి 2 పాయింట్లు పోతాయి, వేసినవాడికీ 1 పోతుంది. తప్పు అని చెప్పాలంటే నీ జేబులోంచి కూడా కొంచెం తియ్యాలన్నమాట. జెండాకి మాత్రం ఖర్చేమీ లేదు. ఇక అక్కడి అడ్మిన్లు, అంటే మోడరేటర్లు, జనం ఓట్లేసి ఎన్నుకున్నవాళ్ళు. పేరు పక్కన వజ్రం గుర్తు ఉంటుంది, జీతం ఉండదు. (మాకు వజ్రమూ లేదు.)

అసలు సంగతి ఇది. అక్కడ ఎవరైనా "ఈ జవాబు తప్పు" అని జెండా ఎత్తితే మోడరేటర్లు దాన్ని తిప్పి పంపిస్తారు. అందుకు ముందే రాసిపెట్టుకున్న కారణం ఒకటి ఉందట: సాంకేతికంగా తప్పున్న జవాబులకి, పూర్తిగా తప్పయిన జవాబులకి కూడా, జెండా వాడకూడదు అని. బూతులు, ప్రకటనలు, ప్రశ్నకి సంబంధం లేని సోది, ఒకే మనిషి పది పేర్లతో రావడం, వీటికి జెండా. తప్పుకి ఓటు ఉంది, కింద వ్యాఖ్య రాయొచ్చు, నీకు తెలిస్తే సరైన జవాబు నువ్వే రాయొచ్చు.

కొత్తవాళ్ళకి ఇది అస్సలు మింగుడుపడదట. "తప్పని నేను రుజువు చూపిస్తున్నా తియ్యరేంటి" అని ఏళ్ళ తరబడి కొట్లాటలు. దానికి మోడరేటర్లు చెప్పేది, మేము కాపలాదారులమే గానీ పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళం కాదు అని. వందల భాషల్లో ప్రోగ్రాములు వస్తుంటే ఏది ఒప్పో ఏది తప్పో ఎన్నికైన నలుగురికి ఎట్లా తెలుస్తుంది? తెలియనివాడు తీర్పు చెప్పడం కంటే తెలిసినవాళ్ళు ఓటెయ్యడం నయం.

నాకు ఆ మాట నచ్చింది. మా ముగ్గురిలో ఒకరికి మిరప తెలుసు, ఒకరికి వరి, ఒకరికి పాడి. పసుపు దుంపకుళ్ళు మీద జవాబు తప్పని రిపోర్ట్ వస్తే మేం ఏం తేల్చగలం? బత్తాయి గురించి వస్తే? అడ్మిన్ అనగానే అన్నీ తెలిసిన శాస్త్రవేత్త అనుకోకండి. గేటు దగ్గర నిలబడ్డ మనిషి, అంతే.

కానీ వాడితో పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. వాడితో అన్నాను, "ఒరేయ్, మీ ప్రోగ్రాం తప్పయితే మళ్ళీ నడిపి చూసుకుంటారు. పది నిమిషాల్లో తేలిపోతుంది. మా దగ్గర తప్పు మందు కొడితే తేలడానికి వారం పడుతుంది, ఆ వారంలో కోత అయిపోతుంది, పంట ఎవరి ఇంట్లోనో కూరైపోతుంది. ఓట్లు పడి మంచి జవాబు పైకి తేలేదాకా పురుగు ఆగుతుందా?" దానికి వాడి దగ్గర జవాబు లేదు. కాసేపాగి, "మరి తీసేస్తే ఏమైంది మామయ్యా, ఆమె కొట్టనే కొట్టింది గదా" అన్నాడు. దానికి నా దగ్గరా లేదు.

బాబాయ్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి కలిశాను. కోపం తప్పని చెప్పినందుకు కాదు. "నా మాట తప్పయితే దాని కింద తప్పని రాయండిరా, పది మంది చూస్తారు, నేనూ చూసుకుంటా. చెరిపేస్తే నేనేదో బూతు మాట్లాడినట్టుంది. ఊళ్ళో మా వియ్యంకుడు అడిగాడు, ఏం రాశావు బావా తీసేశారంట అని." అక్కడ కూర్చున్నంతసేపూ ఇదే మాట. మోనో నిషేధం అని ఆయనకి తెలుసు, కూరగాయలకి మాత్రమే ముందు ఆపారన్న సంగతి తెలియదు. చెప్తే విన్నాడు. కింద వ్యాఖ్యల్లో అదే రాశారని చెప్తే, "అవి నేను చూసేలోపే తీసేశారు గదా" అన్నాడు. నిజమే. చెరిపివెయ్యడంలో ఇద్దరికి అన్యాయం జరిగింది, అడిగినామెకి, చెప్పినాయనకి. రిపోర్ట్ కొట్టిన పద్నాలుగు మందికి మాత్రం తృప్తి.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో తీసేసిన జవాబు కూడా పూర్తిగా పోదట. 10,000 పాయింట్లు దాటినవాళ్ళకి కనపడుతూనే ఉంటుంది. మోడరేటరు తియ్యకుండా తాళం వెయ్యొచ్చు, పైన ఒక హెచ్చరిక పలక పెట్టొచ్చు. మన గ్రూపుల్లో అంత సౌకర్యం లేదు, ఉంటే ఉంది, పోతే పోయింది. అందుకే ఇప్పుడు మేం చేస్తున్నది ఇది: నిషేధించిన మందు గానీ, మనిషికి పశువుకి ప్రాణాపాయమైన మోతాదు గానీ కనిపిస్తే ముందు అడిగినవాళ్ళకి ఫోనో మెసేజో, తర్వాత ప్రశ్న పైనే పెద్ద అక్షరాలతో హెచ్చరిక, ఆ తర్వాతే జవాబు తియ్యడం. తీసిన చోట ఎవరి జవాబో పేరు లేకుండా, ఏది తీశామో ఎందుకు తీశామో రెండు ముక్కలు. మిగతా తప్పులన్నీ అక్కడే ఉంటాయి, కింద మీరు కొట్లాడుకోండి.

ఇంకో రకం తగువు ఉంది, ఇది నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. "ఈ ప్రశ్న ముందే అడిగారు" అని మూసెయ్యడం.

మా గ్రూపులో రోజూ వచ్చే రిపోర్టుల్లో సగం ఇవే. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ ముడత, మళ్ళీ బొబ్బర, వెతుక్కోలేరా, తీసెయ్యండి అని. పాత సభ్యుల విసుగు నాకు అర్థమవుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కూడా జనాన్ని ఎక్కువగా ఏడిపించింది ఇదేనట. 3000 పాయింట్లు దాటినవాళ్ళు ప్రశ్న మూయడానికి ఓటెయ్యొచ్చు. మొదట్లో ఐదు ఓట్లు కావాల్సి ఉండేది, 2019లో మూడుకి తగ్గించారు. ఏదైనా ఒక విషయంలో బంగారు పతకం ఉన్నవాడైతే ఒక్కడే "ఇది పాతదే" అని మూసేసి పాత జవాబు లింకు తగిలించొచ్చు. మంచి ఉద్దేశమే, ఒక ప్రశ్నకి ఒక చోట మంచి జవాబు ఉంటే అందరూ అక్కడికే వస్తారని. కానీ కొత్తగా వచ్చినవాడు తన బాధ చెప్పుకునేలోపే తలుపు మొహం మీద వేసినట్టుంటుంది. వాడి ప్రశ్న నిజంగా వేరే అయి ఉండొచ్చు గదా?

మిరప రైతులకి 2021 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది చలికాలం మొదట్లో గ్రూపులో ఒక కుర్రాడు పెట్టాడు, పూలలో నల్లటి చిన్న పురుగులు, పువ్వు దులిపితే అరచేతిలో పదీ పన్నెండు పడుతున్నాయి, పూత రాలిపోతోంది అని. అప్పుడు అడ్మిన్‌గా ఉన్నాయన (ఇప్పుడు లేడు) తామర పురుగు, పై ముడత, ముందే చెప్పాం అని పాత పోస్టు లింకు పెట్టి వ్యాఖ్యలు ఆపేశాడు. మూడు రోజుల్లో అదే ప్రశ్న ఇంకో నలుగురు. అన్నీ అట్లాగే మూతపడ్డాయి. రిపోర్ట్ కొట్టినవాళ్ళు కూడా పాత సభ్యులే, గ్రూపు శుభ్రంగా ఉండాలని.

అది మనకి తెలిసిన తామర పురుగు కాదు. మనకి తెలిసింది ఆకుల్లో ఉంటుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది. ఇది పూలలో గుంపులుగా చేరేది, నల్లది, త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. బయటి దేశం నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపెట్టారు. 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరపని ఊడ్చేసింది. పాత పోస్టులో ఉన్న సలహా, మందు మార్చి మార్చి కొట్టమని. ఈ పురుగు విషయంలో అదే చేటైంది. మందు మీద మందు కొట్టేకొద్దీ దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చి ఇది ఇంకా పెరిగింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు ఆపండి, నీలం రంగు జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె కొట్టండి అని శాస్త్రవేత్తలు తర్వాత చెప్పారు. అప్పటికే ఎకరానికి లక్షకి పైన పెట్టినవాళ్ళు తోటలు దున్నేశారు.

ఆ ఐదు ప్రశ్నలు తెరిచి ఉంచి ఉంటే పురుగు ఆగేదని నేననను. గ్రూపు తెరిచి ఉంటే ఆగే పురుగా అది? కానీ ఐదు ఊళ్ళ వాళ్ళు ఒకే వారంలో ఒకటే మాట చెప్తున్నారంటే అదే పెద్ద కబురు. పాత ప్రశ్నే అనుకున్నది నిజానికి ఐదు చోట్ల నుంచి వచ్చిన వార్త. దాన్ని చెత్త అని ఊడ్చేశారు. వ్యవసాయంలో ఒకే ప్రశ్న మళ్ళీ వచ్చిందంటే నేల మారి ఉంటుంది, పైరు వయసు మారి ఉంటుంది, లేకపోతే పురుగే మారి ఉంటుంది. అందుకే నేనున్నంత కాలం "ముందే అడిగారు" అనే రిపోర్టుకి ప్రశ్న తియ్యను. పాత లింకు కింద పెట్టండి, తప్పులేదు. విసుగొస్తే దాటి పొండి. మా మిగతా ఇద్దరూ దీనికి ఒప్పుకోలేదు, గ్రూపు చదివేవాళ్ళు తగ్గిపోతారంటున్నారు. వాళ్ళ భయంలోనూ నిజముంది.

గుంపుగా రిపోర్టులు కొట్టేవాళ్ళ సంగతి క్లుప్తంగా. ఒక రైతు, మందుల కొట్టువాళ్ళు అంటగట్టే మూడు డబ్బాల కలగలుపు అక్కర్లేదు, ఒకటి చాలు అని రాస్తే పది నిమిషాల్లో తొమ్మిది రిపోర్టులు పడ్డాయి. ఎవరు కొట్టారో మాకు కనపడుతుంది, రాసినాయనకి కనపడదు. తొమ్మిదిలో ఆరు ఆ నెలలోనే చేరిన కొత్త పేర్లు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఆరు స్పామ్ జెండాలు పడితే పోస్టు దానంతట అదే పోతుంది, రాసినవాడికి 100 పాయింట్లు కోత కూడా. అట్లాంటి లెక్క మనమూ పెట్టుకుందామని ఒక అడ్మిన్ అడిగితే నేను పడనివ్వలేదు. అక్కడ జెండా ఎత్తేవాడు ముందు 15 పాయింట్లైనా సంపాదించాలి, ఇక్కడ నిన్న చేరినవాడి వేలికీ పదేళ్ళ రైతు వేలికీ ఒకటే బరువు.

చివరిది, ఈ ఏడాది కొత్తగా మొదలైన గొడవ. "ఇది ఏఐ రాసింది" అనే రిపోర్ట్.

ఈ గొడవలో మన కంటే ముందు వాళ్ళు మునిగారు. 2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చింది, డిసెంబరుకల్లా స్టాక్ ఓవర్‌ఫ్లోలో దాంతో రాసిన జవాబులు కుప్పలు పడ్డాయి. చదవడానికి ముచ్చటగా ఉంటాయి, లోపల తప్పులు. వెంటనే తాత్కాలికంగా నిషేధించారు. 2023 మే నెలాఖరులో కంపెనీ మోడరేటర్లకి కబురు పెట్టింది, ఏఐ రాసిందన్న అనుమానంతో జవాబులు తియ్యడం, మనుషుల్ని ఆపెయ్యడం మానండి అని. ఏఐని పట్టే పరికరాలు నమ్మదగ్గవి కావు, అమాయకులు బలవుతున్నారని వాళ్ళ వాదన. మేం వట్టి పరికరం చూసి తియ్యట్లేదు, పైగా మాకు లోపల చెప్పింది ఒకటి, బయట అందరికీ చెప్పింది ఒకటి అని మోడరేటర్లు తిరగబడ్డారు. జూన్ 5 నుంచి సమ్మె చేశారు. జీతం లేని పనికి సమ్మె! స్పామ్ పట్టడానికి సభ్యులే నడుపుకునే యంత్రాన్ని కూడా ఆపేశారు. ఆగస్టులో మాట్లాడుకుని, ఏ ఆధారాలు చూసి తియ్యొచ్చో ఒక ఒప్పందానికి వచ్చాక ముగిసింది.

మా దగ్గర ఒక కుర్రాడు, డిగ్రీ చదివి సేద్యంలోకి వచ్చినవాడు, చక్కటి తెలుగులో పొడుగు జవాబులు పెడుతున్నాడు. వాటి మీద రిపోర్టులే రిపోర్టులు. అడిగితే దాచలేదు. "అన్నా, నాకు తెలుగు టైపింగ్ రాదు, తప్పులు పోతే నవ్వుతున్నారు. ఫోన్‌కి నోటితో చెప్తా, అది సర్ది రాస్తుంది. విషయం నాదే" అన్నాడు. రిపోర్ట్ కొట్టినవాళ్ళ మాటా కొట్టెయ్యలేం, ఇంకొకడు ఇట్లాగే రాసి లీటరుకి 2 మిల్లీ మందుని 20 చేశాడు, అడిగితే పలకలేదు.

ఎవరు రాశారో తేల్చడం మా వల్ల కాదు. కాబట్టి ఇప్పుడు అట్లాంటి జవాబు కింద నేనొక ప్రశ్న పెడుతున్నా: ఏ ఊళ్ళో కొట్టావు, పైరు ఎన్ని రోజులది, ఎన్నో రోజున తేడా కనపడింది? ఆ కుర్రాడు ఐదు నిమిషాల్లో అచ్చుతప్పులతో సహా చెప్పాడు. మందు సరిగ్గా పని చెయ్యలేదని కూడా చెప్పాడు. అతని జవాబులు ఉంచాను. 20 మిల్లీలు రాసినతను ఇప్పటికీ పలకలేదు, తీసేశాం, ప్రశ్న పైన ఎందుకు తీశామో రాశాం.

ఇకనుంచి రిపోర్ట్ కొట్టేటప్పుడు వీలైతే నాకు ఒక్క లైను మెసేజ్ పెట్టండి, ఏది తప్పో, మీకెట్లా తెలుసో. ఆ లైను అడిగినవాళ్ళ ప్రశ్న కింద కూడా రాయండి. రెండు మూడు రోజులు నా నుంచి జవాబు ఆలస్యమైతే ఏమనుకోవద్దు, నారుమడికి వల కట్టాలి.